ఉత్సవ విగ్రహం నోరు విప్పితే...

జీడికల్ జాతర వచ్చిందంటే లింగాల ఘనపూర్ మండలంలో ఇళ్లకు చుట్టాలు దిగుతారు. వీరాచల రామచంద్రస్వామి గుడికి దారులన్నీ జనంతో నిండిపోతాయి. గర్భగుడిలో ఉండే మూలవిరాట్టు ఎక్కడికీ కదలడు. జనం మధ్యకు వచ్చేది ఉత్సవమూర్తి. లైన్లో నిలబడలేని ముసలమ్మకూ, చంకలో పిల్లాడితో అలసిపోయిన తల్లికీ ఊరేగింపులో ఎదురొచ్చి కనిపించేది ఆయనే. వాళ్లు దండం పెట్టేదీ, కొబ్బరికాయ కొట్టేదీ, కష్టం చెప్పుకునేదీ ఆయనకే.

గుడి దాటి రాజకీయాల్లోకి వచ్చేసరికి మాత్రం ఈ మాటకు అర్థం మారిపోతుంది. 'ఆయనదేముంది, ఉత్సవ విగ్రహం' అంటాం. పేరుకే పెద్ద, చేతిలో ఏమీ లేదని దాని భావం. రాష్ట్రపతి గురించీ, గవర్నర్ గురించీ ఈ మాట వినని తెలుగువాళ్లు ఉండరు. బడిలో పౌరశాస్త్రం చదివిన పిల్లలు 'రాజ్యాంగబద్ధ అధినేత' అని గుర్తుపెట్టుకుంటే, పెద్దవాళ్లు టీకొట్టు దగ్గర 'రబ్బరు స్టాంపు' అని తేల్చేస్తారు.

అలాంటి ఓ 'ఉత్సవ విగ్రహం' కథ ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లపాటు గవర్నర్‌గా ఉన్న భీమ్‌సేన్ సచార్ కథ. లింగాల ఘనపూర్‌లో రైతు పొలానికి పట్టా ఇచ్చినా, పంతులుకు ఉద్యోగం ఇచ్చినా ఆ రోజుల్లో ప్రభుత్వ ఉత్తర్వులన్నీ ఆయన పేరు మీదే వెలువడేవి. ఆ పేరు గల మనిషికి మాత్రం పుట్టిన ఊరు, చదివిన ఊరు, ఎదిగిన ఊరు అన్నీ సరిహద్దు అవతలే మిగిలిపోయాయి. ఆయన ఓ శరణార్థి.

గీత కదిలింది

సచార్ పుట్టింది 1890ల్లో, పెషావర్‌లో. రాజకీయంగా ఎదిగింది లాహోర్ కేంద్రంగా. వృత్తి న్యాయవాది. గాంధీజీ పిలుపుతో కాంగ్రెస్‌లోకి వచ్చి పంజాబ్ నాయకుల్లో ముఖ్యుడయ్యారు. 1946లో ఖిజర్ హయత్ తివానా నాయకత్వంలో ఏర్పడిన పంజాబ్ సంకీర్ణ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా ఉన్నారు. ముస్లింలు, హిందువులు, సిక్కులు కలిసి నడిపిన ప్రభుత్వం అది. 1947 మార్చి తొలి రోజుల్లో ఖిజర్ రాజీనామాతో అది కూలింది. దాంతోపాటే పంజాబ్ కూడా అంటుకుంది.

ఆ ఏడాది ఆగస్టు 15న రెండు దేశాలు పుట్టాయి. సరిహద్దు గీత ఎక్కడ పడిందో జనానికి తెలిసింది మాత్రం రెండు రోజుల తర్వాత, 17న. లాహోర్ అంగుళం కూడా కదలలేదు. గీతే కదిలింది. తరతరాలుగా అక్కడున్న లక్షల కుటుంబాలు ఒక్క వారంలో పరాయివయ్యాయి. ఇటు అమృత్‌సర్, జలంధర్, లూధియానా ముస్లింలకూ అదే గతి పట్టింది. తాళం వేసిన ఇంటి తాళంచెవి నడుముకు కట్టుకుని, 'నాలుగు రోజుల్లో తిరిగొస్తాం' అనుకుంటూ బయల్దేరినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. వాళ్లలో చాలామంది మళ్లీ ఆ గడప తొక్కలేదు.

జనగామ ప్రాంతం వాళ్లకు ఇది పంజాబ్ ముచ్చట మాత్రమే కాదు. అదే కాలంలో ఇక్కడ రజాకార్ల భయం. దగ్గర్లోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన దగ్గర్నుంచి ఊళ్లు నిప్పుల మీదే ఉన్నాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైన్యం కలిసి చేసిన మారణకాండ ఇక్కడ ఇప్పటికీ కన్నీళ్లతోనే చెప్పుకునే సంగతి. ఆ రోజుల్లో ఎడ్లబండ్లలో పిల్లల్నీ గింజల్నీ వేసుకుని సర్కారు జిల్లాల వైపు తరలిపోయిన తెలంగాణ కుటుంబాలు ఎన్నో. సరిహద్దు పొడవునా శిబిరాలు వెలిశాయి. చాందాలో పీవీ నరసింహారావు లాంటి యువకులు పనిచేసింది అలాంటి శిబిరంలోనే. పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తడం అంటే ఏమిటో ఈ నేలకూ తెలుసు.

తేడా ఒక్కటే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు తమ ఊళ్లకు తిరిగి రాగలిగారు. ఊరు అక్కడే ఉంది, చిరునామా మాత్రం మారుతూ పోయింది. నిజాం రాజ్యం పోయి హైదరాబాద్ రాష్ట్రం వచ్చింది. 1953లో జనగామ తాలూకా నల్గొండ జిల్లా నుంచి వరంగల్ జిల్లాలోకి వెళ్లింది. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, 2016లో జనగామ జిల్లా. గడప దాటకుండానే ఇన్ని చిరునామాలు చూసిన తాతలు లింగాల ఘనపూర్ లాంటి ఊళ్లలో ఉన్నారు. సచార్ లాంటివాళ్లకు మాత్రం తిరిగి వెళ్లడానికి ఊరే మిగల్లేదు.

రెండు జెండాలు

ఆయన జీవితంలో ఓ విచిత్రం ఉంది. దేశం విడిపోతున్న రోజుల్లో సచార్ పాకిస్తాన్ రాజ్యాంగ సభలో సభ్యుడు. పశ్చిమ పంజాబ్ నుంచి ముస్లిమేతరుల తరఫున ఆ సభలో కూర్చున్నారు.

1947 ఆగస్టు 11. కరాచీ. 'మీరు మీ గుళ్లకు వెళ్లొచ్చు, మసీదులకు వెళ్లొచ్చు, మతానికీ ప్రభుత్వానికీ సంబంధం లేదు' అనే అర్థం వచ్చేలా జిన్నా చేసిన ప్రసిద్ధ ప్రసంగం ఆ రోజుదే. అదే రోజు పాకిస్తాన్ జాతీయ జెండా నమూనా సభ ముందుకొచ్చింది. జెండా ఖరారు చేసేముందు మైనారిటీ సభ్యులనూ కలుపుకొని, వాళ్ల మాట కూడా వినాల్సిందని కొందరు గొంతు విప్పారు. వాళ్లలో భీమ్‌సేన్ సచార్ ఒకరు. జెండా వద్దని ఆయన అనలేదు. అది తమది కూడా అని చెప్పుకునే వీలు ఉండాలని అడిగారు, అంతే. సభలో ఆ వాదన నెగ్గలేదు. ఉండాలనుకున్న చోట ఉండలేని పరిస్థితి వచ్చి, కొన్నాళ్లకే ఆయన సరిహద్దు దాటి ఇటు రావాల్సి వచ్చింది.

ఇటువైపు కూడా జీవితం పూలపాన్పు కాలేదు. లాహోర్ పోయిన పంజాబ్‌కు రాజధానే లేదు. సిమ్లాలో తలదాచుకున్న ఆ ప్రభుత్వానికి 1949లో ఆరు నెలలు, మళ్లీ 1952 ఏప్రిల్ నుంచి 1956 జనవరి దాకా సచార్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి, రాజధాని పోగొట్టుకున్న రాష్ట్రాన్ని నడిపాడన్నమాట. 1953 అక్టోబరులో చండీగఢ్ కొత్త రాజధానిగా ప్రారంభమైంది. 1954 జులైలో భాక్రా కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఈ రెండూ ఆయన హయాంలోనే జరిగాయి.

ఆ హయాంలోనే ఓ మచ్చ కూడా ఉంది. పంజాబీ భాషా రాష్ట్ర ఉద్యమం వేడి మీదున్న 1955 జులైలో పోలీసులు అమృత్‌సర్ స్వర్ణదేవాలయ ప్రాంగణంలోకి చొరబడ్డారు. సిక్కుల మనసు గాయపడింది. ముఖ్యమంత్రి తర్వాత తానే అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పారు. అధికారంలో ఉన్నవాడు తప్పయిందని నలుగురిలో ఒప్పుకోవడం అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. కొద్ది నెలలకే పదవి పోయింది. ప్రతాప్‌సింగ్ కైరోన్ ముఖ్యమంత్రి అయ్యారు. సచార్‌ను 1956లో ఒరిస్సా గవర్నర్‌గా పంపారు. అక్కడినుంచి 1957 ఆగస్టు 1న హైదరాబాద్ వచ్చారు.

వచ్చిన రెండు వారాలకే స్వాతంత్ర్య దినోత్సవం. ఇప్పుడు ఆగస్టు 15న రాష్ట్రాల్లో జెండా ఎగరేసేది ముఖ్యమంత్రులు. ఆ పద్ధతి మొదలైంది 1974లో. అంతకుముందు ఆ గౌరవం గవర్నర్లదే. సరిగ్గా పదేళ్ల క్రితం అదే వారంలో కరాచీ సభలో వేరే దేశం జెండా గురించి, అందులో తనవాళ్లకూ చోటుండాలని అడిగిన మనిషికి, తన భాష మాట్లాడని రాష్ట్రంలో, పుట్టిన ఊరికి వెయ్యి మైళ్లకు పైగా దూరంలో మూడు రంగుల జెండా ఎగరేసే బాధ్యత దక్కింది. దీన్ని ఉత్త లాంఛనం అనేయడం తేలికే. అయితే జెండా కోసం ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ తాడు ఎంత బరువుంటుందో కూడా ఆలోచించాలి.

'నా ప్రభుత్వం' అంటూ...

గవర్నర్ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఉభయ సభలనుద్దేశించి ప్రసంగిస్తారు. 'నా ప్రభుత్వం ఇన్ని బడులు కట్టింది, నా ప్రభుత్వం ఇన్ని ఎకరాలకు నీళ్లిస్తుంది' అంటారు. నిజానికి ఆ ప్రభుత్వం ఆయనది కాదు. ఆ ప్రసంగం ఆయన రాసింది కాదు. మంత్రివర్గం ఆమోదించిన కాగితాన్ని ఆయన చదవాలి. నచ్చని వాక్యం ఉన్నా చదవాలి. మంత్రివర్గ సలహా మేరకు సంతకం పెట్టాలి. ఒకప్పుడు రెండుసార్లు ముఖ్యమంత్రిగా ఆదేశాలిచ్చిన నోటితో, మరొకరి మాటలు అప్పజెప్పాలి.

పైగా అది ఏ రాష్ట్రం? భాష పేరు మీద ఏర్పడిన రాష్ట్రం. పంజాబ్‌లో భాష కోసం జరిగిన గొడవలన్నీ సచార్ కళ్లారా చూశారు. ఏ ప్రాంతంలో పంజాబీలో చదువు చెప్పాలి, ఏ ప్రాంతంలో హిందీలో చెప్పాలి అన్న తగువు తీర్చడానికి 1949లో ఆయన హయాంలో వచ్చిన ఒప్పందాన్ని చరిత్రలో 'సచార్ ఫార్ములా' అంటారు. అది ఎవర్నీ పూర్తిగా మెప్పించలేదు. అంత దెబ్బ తిన్నవాడు వచ్చి, భాష ఒక్కటైనా మనసులు ఇంకా కలవని చోట అధినేతగా కూర్చున్నారు.

మనసులు కలవలేదన్నది దాచుకునే విషయం కాదు. 1956లో విలీనం వేళ తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాయించుకున్నది అందుకే. దాని ఫలితంగా రాష్ట్రపతి ఉత్తర్వుతో 1958లో తెలంగాణ ప్రాంతీయ సంఘం ఏర్పడింది. శాసనసభలోని తెలంగాణ సభ్యులు దాన్లో ఉంటారు. విద్య, వ్యవసాయం, స్థానిక పాలన లాంటి విషయాల్లో ఆ సంఘం సిఫారసు చేస్తుంది. మంత్రివర్గానికి అది నచ్చకపోతే? అప్పుడు విషయం గవర్నర్ దగ్గరకు వెళ్తుంది. ఆయన మాటే ఆఖరి మాట. సంఘం సరిగ్గా పనిచేసేలా చూసే ప్రత్యేక బాధ్యతను కూడా రాజ్యాంగం 371వ అధికరణ కింద గవర్నర్‌కే అప్పగించారు.

అంటే దేశమంతా ఉత్సవ విగ్రహంగా చూసే పదవికి, లింగాల ఘనపూర్ లాంటి తెలంగాణ ఊళ్ల విషయంలో మాత్రం కాగితం మీద ఓ నిజమైన అధికారం ఉంది. అటూఇటూ కాని మూడో మనిషి న్యాయం చెబుతాడని నమ్మి పెట్టుకున్న ఏర్పాటది. ఆ ఏర్పాటు మొదలైన రోజుల్లో ఆ కుర్చీలో ఉన్నది సచార్. ఇక్కడివాడు కాదు, ఏ ప్రాంతానికీ చుట్టం కాదు, ఏ జిల్లాలోనూ భూమి లేదు. 1969 నాటికి తెలంగాణ యువతరం వీధుల్లోకి వచ్చిందంటే కాగితం మీది రక్షణలు కడుపు నింపలేదనే అర్థం. ఆ తర్వాత 1973లో ఆ సంఘాన్నే ఎత్తేశారు. మిగిలిన చరిత్ర అందరికీ తెలిసిందే.

సచార్ హయాంలో మరో ఘట్టం ఉంది. 1960 జనవరి 11న కర్నూలు జిల్లా పెదపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయించడం రాజ్యాంగం గవర్నర్‌కు అప్పగించిన పని. ఆ పనిలో గవర్నర్ సొంతంగా చేసేదేమీ లేదు, ముందు తాను చదవాలి, ఎదుటివాళ్లు ఆ మాటలు పలకాలి. కానీ తరతరాలుగా ఊరి బయట నిలబెట్టిన వాళ్ల బిడ్డ అధికార పీఠం ఎక్కే క్షణంలో, తన ఊరి నుంచి గెంటివేతకు గురైన మనిషి రాజ్యాంగానికి ప్రతినిధిగా ఎదురుగా నిలిచే ఘట్టం అది. ఉత్సవాలకూ ఓ అర్థం ఉంటుందనిపించేది ఇలాంటి చోటే.

ఇంకుకున్న బలం

అలాగని లాంఛనం పదవులన్నీ మంచికే పనికొస్తాయనుకుంటే పొరపాటు. అదే కాలంలో హైదరాబాద్ మాజీ ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు కేరళ గవర్నర్‌గా ఉన్నారు. పంజాబ్ మాజీ ముఖ్యమంత్రి హైదరాబాద్‌కు, హైదరాబాద్ మాజీ ముఖ్యమంత్రి తిరువనంతపురానికి. 1959 జులై 31న కేరళలో ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసినప్పుడు ఆధారంగా చూపింది గవర్నర్ నివేదికనే. విగ్రహం కదలదనుకుంటాం. దాని చేత సంతకం పెట్టిస్తే ప్రభుత్వాలే కదిలిపోతాయి.

బయటి దేశాల్లోనూ శరణార్థులుగా బతికినవాళ్లు ఇలాంటి పదవులెక్కారు. లాత్వియా దేశానికి 1999 నుంచి 2007 దాకా అధ్యక్షురాలిగా ఉన్న వైరా వికె-ఫ్రైబెర్గా ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం ఆఖరి రోజుల్లో తల్లిదండ్రులతో కలిసి దేశం వదిలారు. జర్మనీలోని శరణార్థి శిబిరంలో పసిగుడ్డయిన చెల్లెలు చనిపోయింది. అక్కడినుంచి మొరాకో, ఆపైన కెనడా. మనస్తత్వశాస్త్రం ప్రొఫెసర్‌గా రిటైరై 1998లో సొంత దేశం తిరిగొస్తే, మరుసటి ఏడాదే పార్లమెంటు ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. లాత్వియాలో పాలన నడిపేది ప్రధాని. అధ్యక్ష పదవి చాలావరకు గౌరవానికే. అయినా కుర్చీ ఎక్కిన నెలలోనే ఆమె ఓ పని చేశారు. దేశంలోని రష్యన్ భాషీయులను ఇబ్బందిపెట్టేలా ఉందన్న విమర్శలున్న భాషా చట్టం సంతకానికి వస్తే, మళ్లీ ఆలోచించమని పార్లమెంటుకు తిప్పి పంపారు. తన కుటుంబాన్ని పరుగులు పెట్టించింది సోవియట్ సైన్యమే. అయినా ఆ భాష మాట్లాడే సామాన్యుడి మీద ఆ కోపం చూపలేదు.

ఆస్ట్రేలియాలో ఇంకొకాయన ఉన్నారు, హ్యూ వాన్ లె. 1977లో వియత్నాం నుంచి చిన్న పడవలో ప్రాణాలరచేతిలో పెట్టుకుని డార్విన్ తీరం చేరారు. 2014లో సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రానికి గవర్నర్ అయ్యారు, 2021 దాకా ఉన్నారు. ఆయనకు కూడా సచార్ మాదిరే మంత్రివర్గం చెప్పినట్టే సంతకం పెట్టే ఉద్యోగం. అయితే ఒడ్డుకు చేరిన రోజు చేపలవేటకు వచ్చిన ఇద్దరు స్థానికులు పడవలోంచే పలకరించి స్వాగతం చెప్పిన ముచ్చట ఆయన ఎన్నో సభల్లో చెప్పారు. అధికారం లేని పెద్దరికానికి ఉన్న బలం అదే. తన కథ చెప్పగలదు. 'నువ్వూ ఇక్కడివాడివే' అని కొత్తగా వచ్చినవాడికి భరోసా ఇవ్వగలదు.

సచార్ దగ్గర అలాంటి ప్రచారం కనిపించదు. అప్పటి తరం నాయకులు తమ గాయాల గురించి తక్కువ మాట్లాడేవారు. 1962 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి వెళ్లిపోయారు. తర్వాత సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. వయసు మీదపడింది. ఇక మిగిలింది మనవళ్లతో కాలక్షేపం అనుకునే వయసు. అసలు కథ అప్పుడు మొదలైంది.

సొంత మాట

1975 జూన్ 25 రాత్రి. దేశంలో ఎమర్జెన్సీ. ఆ పత్రం మీద సంతకం పెట్టింది దేశంలోకెల్లా పెద్ద ఉత్సవ విగ్రహం, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఆయన స్నానాల తొట్టెలో కూర్చునే ఆర్డినెన్సుల మీద సంతకం పెట్టి ఇస్తున్నట్టు ఆ ఏడాదే అబూ అబ్రహాం వేసిన కార్టూన్ ఇప్పటికీ జనం మర్చిపోలేదు. పత్రికలకు సెన్సారు, నాయకులకు జైలు, కోర్టులకు కళ్లెం. నిన్నటిదాకా గొంతెత్తి మాట్లాడినవాళ్లు కాఫీహోటల్లో కూడా అటూ ఇటూ చూసి గుసగుసలాడే పరిస్థితి.

ఆ జులైలో ఎనభై ఏళ్లు పైబడ్డ భీమ్‌సేన్ సచార్ మరో ఏడుగురితో కలిసి ప్రధాని ఇందిరాగాంధీకి ఓ ఉత్తరం రాశారు. వీళ్లెవరూ బాంబులు విసిరేవాళ్లు కాదు. స్వాతంత్ర్యోద్యమం చూసిన పెద్దవాళ్లు. బహిరంగంగా మాట్లాడే హక్కు, సమావేశమయ్యే హక్కు, పత్రికల స్వేచ్ఛ... వీటి గురించి ఆగస్టు 9 నుంచి తాము బాహాటంగానే ప్రచారం చేస్తామని, ఏమొచ్చినా భరిస్తామని అందులో తెలియజేశారు. ఆ తేదీ ఊరికే ఎంచుకున్నది కాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం రగిలిన రోజది.

జవాబుగా పోలీసులు వచ్చారు. 'మీసా' చట్టం కింద ఆ పెద్దాయన్ను జైల్లో పెట్టారు. తెల్లవాళ్ల కాలంలో ఉద్యమంలోకి దిగిన మనిషి, రెండుసార్లు ముఖ్యమంత్రి, రెండు రాష్ట్రాలకు గవర్నర్... స్వతంత్ర దేశంలో ఓ ఉత్తరం రాసినందుకు ఖైదీ అయ్యారు. ఎమర్జెన్సీ ఆగడాలపై విచారణ జరిపిన షా కమిషన్ తర్వాత ఈ అరెస్టును కూడా లెక్కలోకి తీసుకుంది.

ఆ నెలలోనే ఆయన అల్లుడు, ప్రముఖ పాత్రికేయుడు కులదీప్ నయ్యర్‌ను కూడా అరెస్టు చేశారు. ఆయనా సియాల్‌కోట్ నుంచి 1947లో వచ్చిన శరణార్థే. కొడుకు రాజిందర్ సచార్ హైకోర్టు న్యాయమూర్తి. ఎమర్జెన్సీ కాలంలో ఆయన్ను ఇష్టంతో పని లేకుండా రాజస్థాన్‌కు బదిలీ చేశారు. ఒకే ఇంట్లో మామా అల్లుళ్లు జైల్లో, కొడుకు దూరప్రాంతంలో.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. రాజ్‌భవన్‌లో ఉన్నన్నాళ్లూ సచార్ సభలో చదివినవి వేరేవాళ్లు రాసిన మాటలు. ఆయన ముందు సైనికులు వందనం చేశారు, బ్యాండు మోగింది, కారుకు జెండా ఎగిరింది. ఏ కుర్చీ లేని రోజున, ఏ సెక్యూరిటీ లేని రోజున రాసుకున్న ఉత్తరం మాత్రం సొంత మాట. మొదటిదానికి గౌరవం దక్కింది, రెండోదానికి జైలు దక్కింది. ఈ రెంటిలో దేశానికి ఎక్కువ పనికొచ్చింది ఏదో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

అలాగని ఆ అయిదేళ్ల మౌనాన్ని తప్పుపట్టడమూ న్యాయం కాదు. గవర్నర్ తన ఇష్టానికి మాట్లాడటం మొదలుపెడితే ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వానికి విలువుండదు. కుర్చీలో ఉన్నప్పుడు నోరు కట్టేసుకోవడం రాజ్యాంగ మర్యాద. కుర్చీ దిగాక కూడా నోరు కట్టేసుకుంటే అది భయం. ఈ రెంటికీ ఉన్న తేడా తెలిసిన మనిషి సచార్. పదవి పోయాక వచ్చే పింఛను, బంగళా, కార్లకు ఆశపడి నోరెత్తని పెద్దమనుషులు ఎక్కువైన కాలంలో ఆ తేడా గుర్తుచేసుకోవడం అవసరం.

ఇంటికి మిగిలిన ఆస్తి

1978 జనవరిలో సచార్ కన్నుమూశారు. అప్పటికి ఎమర్జెన్సీ పోయింది, ఎన్నికలు వచ్చాయి, జనం తీర్పు చెప్పారు. కన్నుమూసేలోగా ఆ తీర్పు చూశారన్నది ఓ ఊరట.

ఆ కుటుంబం కథ అక్కడితో ఆగలేదు. ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా రిటైరైన రాజిందర్ సచార్ చేతికి 2005లో ఓ పని అప్పగించారు. దేశంలో ముస్లింల చదువు, ఉద్యోగాలు, ఆదాయం ఎలా ఉన్నాయో అధ్యయనం చేయాలి. 2006 నవంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. 'సచార్ కమిటీ' అన్న మాట హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లోనూ వినిపించింది. లాహోర్‌లో పుట్టి, మతం పేరుతో జరిగిన విభజనలో అన్నీ వదిలేసి వచ్చిన కుటుంబం అది. పగ పెంచుకోవడానికి వాళ్లకు కావలసినంత కారణం ఉంది. అయినా ఆ ఇంటి కొడుకు ఎనభయ్యేళ్ల వయసులో కూర్చుని, ఇక్కడ మిగిలిన మైనారిటీలకు న్యాయం అందుతోందా లేదా అని లెక్కలు తీశారు. కరాచీ సభలో తండ్రి అడిగిందీ అదే కదా, 'జెండాలో మాకూ చోటుందా' అని. తండ్రి అక్కడ అడిగిన ప్రశ్ననే కొడుకు ఇక్కడ అడిగారు, వేరేవాళ్ల తరఫున. 2018లో రాజిందర్ సచార్, కులదీప్ నయ్యర్ కొద్ది నెలల తేడాతో వెళ్లిపోయారు.

హైదరాబాద్‌లో భీమ్‌సేన్ సచార్ పేరు చెబితే ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లు తక్కువ. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు గవర్నర్ల జాబితాలో రెండో పేరు, అంతే. బడి పుస్తకంలోని ఆ ఒక్క వరస వెనుక పెషావర్ ఉంది, లాహోర్ ఉంది, మూసుకుపోయిన ఓ ఇంటి తలుపు ఉంది, ఓ జైలు గది కూడా ఉంది.

జీడికల్‌లో ఊరేగింపు ముగిసి, రాత్రి పొద్దుపోయాక ఉత్సవమూర్తిని మళ్లీ లోపలికి తీసుకెళ్తారు. పల్లకీ దింపుతారు, దండలు తీస్తారు. జాతరకొచ్చిన జనం బండ్లెక్కి లింగాల ఘనపూర్ వైపు, జనగామ వైపు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లలో ఏ ముసలమ్మనైనా అడిగి చూడండి... మూలవిరాట్టు తనను చూశాడో లేదో తెలియదంటుంది. కానీ ఎదురొచ్చిన ఉత్సవమూర్తికి తన కష్టం చెప్పుకున్నానంటుంది. చెప్పుకోవడానికి ఎదురొచ్చి నిలబడేవాడు ఒకడుండాలి. పల్లకీలో ఉన్నా, దిగిపోయాక అయినా.